నీ సంతకం చాలు

ఆళ్లగడ్డ,
20-9-1976

హన్నమ్మక్కకు చెల్లెలు పరంజ్యోతి రాసుకునేది.

నా రాత చూసి నవ్వవద్దు. అయిదో తరగతిలో బడి మానేశాక పెన్ను పట్టింది మళ్లీ ఇప్పుడే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్ని చోట్ల రెండు పెట్టాను, కొన్ని చోట్ల వదిలేశాను. కొట్టేసిన చోట ఏముందో అని వెలుతురుకు పట్టి చూడకు, అవన్నీ తప్పులే. బావ బడిపంతులు కదా, ఆయన కంట పడితే ఎర్ర సిరాతో దిద్దుతాడేమో. ఆయనకు చూపించకు. చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు.

పిల్లలు బాగున్నారు. ఎస్తేరు కాలవ గట్టు మీద పరుగెత్తుతుంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. చిన్నోడు ఇంకా చంక దిగడం లేదు. కాలవకు నిండుగా నీళ్లు వదిలారు. నీ మరిదికి తూము దగ్గరే తెల్లవారుతుంది. లస్కరు ఉద్యోగమంటే తూము తలుపు ఎత్తడం, దించడం అనుకున్నాను. ఎత్తితే ఒక ఊరి రైతులు, దించితే ఇంకో ఊరి రైతులు వచ్చి తిట్టిపోతారు. ఆయన ఇద్దరికీ బీడీలిచ్చి పంపుతాడు.

అసలు సంగతి రాయాలి. అక్కా, నాకు నెల తప్పింది. వేవిళ్లు కూడా మొదలయ్యాయి. వాంతి వస్తే దొడ్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంటున్నాను. ఈ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. మా అత్తకు తెలియకూడదు. అందరికంటే ముఖ్యంగా ఆయనకు తెలియకూడదు. ఎందుకని అడగకు. ఆ మాట సిగ్గుతో రాయలేను.

మీ నంద్యాలలో మంచి లేడీ డాక్టరు ఉందంటారు. ఏదైనా దారి ఉందేమో అడిగి రాయి. తొందరగా రాయి. పగలు ఆయన ఇంట్లో ఉండడు, పోస్టుమేను ఉత్తరం నా చేతికే ఇస్తాడు.

కాల్చడం మరవకు.

భయంతో,
పరంజ్యోతి

*

నంద్యాల,
27-9-1976

నా చిట్టి చెల్లెలు పరంజ్యోతికి,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషపడ్డానో రాయలేను. పిచ్చిదానా, దీనికా అంత భయం! పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక మొగుడికి చెప్పడానికి సిగ్గేమిటి? నీ చిన్నప్పటి బుద్ధి పోలేదు. పెద్దమనిషివైనప్పుడు కూడా రెండు రోజులు గడ్డివామి చాటున కూర్చున్నావు, అమ్మ వెతికి వెతికి ఏడ్చింది.

నీ భయం నాకు అర్థమైంది. చిన్నోడి కాన్పులో నీకు రక్తం ఆగక బండి మీద ఆసుపత్రికి మోసుకొచ్చారు కదా, అది గుర్తొచ్చి వణుకుతున్నావు. నువ్వు అడిగిన లేడీ డాక్టరు పేరు ప్రమీలమ్మ. మంచి హస్తవాసి గల మనిషి. ఏడో నెల రాగానే మా ఇంటికి వచ్చెయ్యి, కాన్పు ఆమె చేతనే చేయిద్దాం. ఇంతకంటే మంచి దారి ఏముంది?

ఇంకొక మాట. నిన్న ఆదివారం నీ పేరు మీద గుడిలో స్తోత్రకానుక వేశాను. పాస్టరయ్య ఆ కవరు మీద నేను రాసింది అందరి ముందు చదివాడు. "ఆళ్లగడ్డలో ఉన్న మన సహోదరి పరంజ్యోతికి ప్రభువు దయచేసిన గర్భఫలం కొరకు" అని ఆయన గొంతు ఎత్తి చదువుతుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నా పేరు మీద అట్లా చదవాలని ఎన్ని ఏళ్లు మోకరించానో నీకు తెలుసు. నాకు కాకపోతే నీకు. నువ్వు మీ ఊళ్లో చెప్పవద్దన్నావు, నేను మా ఊళ్లోనే చెప్పాను కాబట్టి కోపం తెచ్చుకోకు.

బరువులు ఎత్తకు. కాలవ నీళ్లు కాచి తాగు. నీ ఉత్తరం కాల్చేశాను, కాల్చేంత సంగతి అందులో ఏముందో మాత్రం తెలియలేదు.

నీ అక్క,
హన్నమ్మ

*

ఆళ్లగడ్డ,
4-10-1976

అక్కా,

ఎంత పని చేశావు.

ఆ ఆదివారం మీ గుడిలో మా ఆయన మేనమామ కొండయ్య ఉన్నాడు. పెళ్లికని మీ ఊరు వచ్చి, ఆరాధనకు కూర్చున్నాడంట. పాస్టరయ్య చదివింది విని, బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా తూము దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా శాంతయ్యా, మూడోది వస్తాంది గదా, మిఠాయి యాడ? నంద్యాల గుడి అంతా ఎరిగినాక గూడా మేనమామకు చెప్పవా?" అన్నాడంట.

ఆయన ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"మామ చెప్పింది నిజమేనా?"

నేను తల ఊపాను.

"ఎవునిది?" అన్నాడు.

అక్కా, ఇప్పుడు ఆ రాయలేని మాట రాయక తప్పదు. రాస్తుంటే చెవులు కాలిపోతున్నాయి. జులై నెలలో ఆయన క్యాంపుకు పోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్నాడు. ఇద్దరు పిల్లలున్నవాళ్లంతా చేయించుకోవాలని పై ఆఫీసరు చెప్పాడు. అది ఒక్కటే కాదు. "ఇంక నీకు ఆ నరకం వద్దులేమ్మే" అని నాతో అన్నాడు. మా అత్తకు చెప్పలేదు. చెబితే నా కొడుకు మగతనం తీసేశారని ఊరు ఏకం చేస్తుంది. పక్కింటి సుంకమ్మ మొగుడు కూడా లస్కరే, ఇద్దరూ కలిసే పోయారు. ఈ సంగతి మా నలుగురికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషను అయినాక కడుపు రాదు కదా. నాకు వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఇంక ఆయనకు ఏమని చెప్పాలి?

ఆయన కొట్టలేదు. కొట్టినా బాగుండేది. దుప్పటి తీసుకుని తూము దగ్గర గుడిసెకు పోయాడు. అక్కడే పడుకుంటున్నాడు. అన్నం తీసుకుపోతే గిన్నె అందుకుంటాడు, నా మొహం చూడడు.

మా అత్త బాలమ్మ సంగతి వేరే. కొండయ్య మామ ఆమెకూ చెప్పాడు. ఆమె ఒకటే సంబరం. లేత చింతకాయలు కోసి తెస్తుంది, సున్నుండలు చేస్తుంది. "ఈ తూరి మగపిల్లోడే, నీ నడక చూస్తే తెలుస్తాంది" అంటుంది. కొడుకు ఇంటికి రావడం లేదని అడిగితే కాలవకు గండి పడే కాలమని చెప్పాను. ఒకరు ఇది తన బిడ్డ కాదంటారు, ఒకరు ఇది తన మనవడే అంటారు. మధ్యలో నేను ఇద్దరికీ అన్నం పెడుతున్నాను.

నేను దారి అడిగింది కాన్పుకు కాదు. ఇది వద్దు. ఆసుపత్రిలో తీసేస్తారని సుంకమ్మ అంటోంది. తీయించుకుంటే పోలీసులు పట్టుకుంటారా? మొగుడు సంతకం పెట్టాలా? ఆయన పెట్టడు. పెడితే తనది కాదని నలుగురిలో ఒప్పుకున్నట్టే అవుతుంది. ప్రమీలమ్మగారిని కనుక్కుని నెల దాటకుండా రాయి.

ఇది మాత్రం చదివిన చేత్తోనే కాల్చు. గుడిలో ఎవరికీ ఏమీ చెప్పకు.

పరంజ్యోతి

*

నంద్యాల,
10-10-1976

పరంజ్యోతికి,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను ఏ పనీ సరిగ్గా చేయలేదు. పాలు పొంగించాను. బావ చొక్కా ఇస్త్రీ పెట్టెతో కాల్చాను. ఆయన ఏమైందని అడిగితే చెప్పకుండా ఉండలేకపోయాను. తిట్టవద్దు. అక్షరం ముక్క తెలిసిన మగవాడు ఇంట్లో ఉండగా చట్టం సంగతి ఇంకెవరిని అడగను? ప్రమీలమ్మ దగ్గరికి పోదామనుకున్నాను, ఏమని అడగాలో తెలియక ఆసుపత్రి గేటు దాకా పోయి వచ్చాను.

బావ చెప్పింది ఇది. కడుపు తీయించుకోవడం నేరం. తీసినవాళ్లకూ తీయించుకున్నవాళ్లకూ జైలు. ఇప్పుడేదో కొత్త చట్టం వచ్చిందని పేపర్లో చూశారంట, కాని దానికి కూడా మొగుడు పక్కన నిలబడి సంతకం పెట్టాలంట. శాంతయ్య పెట్టడు కాబట్టి ఆ దారి లేదు.

ఇప్పుడు నేను అడిగేదానికి నిజం చెప్పు. ఎవరతను? నేను పెద్దదాన్ని, కడుపులో పెట్టుకుంటాను. లస్కర్ల గుడిసెలకు ఎవరెవరో వచ్చిపోతుంటారు, నువ్వు నోరు లేనిదానివి, ఎవరైనా బలవంతం చేస్తే కూడా చెప్పుకోలేవు. అట్లా జరిగిందా? కాకపోతే మనసు పడ్డావా? ఏదైనా సరే, నాకొక్కదానికి చెప్పు.

నేను ఒక దారి ఆలోచించాను. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇక్కడికి వచ్చెయ్యి. ఇక్కడే కను. బిడ్డను నేను ఉంచుకుంటాను. ఎక్కడి నుంచో తెచ్చుకున్నామని చెప్పుకుంటాం. బావ కూడా ఒప్పుకున్నారు.

హన్నమ్మ

*

(కార్డు)
ఆళ్లగడ్డ, 14-10-1976

అక్కకు, నేను కార్డు మీద రాస్తున్నాను. పోస్టుమేను చదివినా సరే, బావ చదివినా సరే. నేను మా ఆయన్ని తప్ప ఇంకొక మగవాణ్ణి ఎరగను. ఆయన అడిగాడంటే ఆపరేషను చేయించుకున్నవాడు. నువ్వు ఎట్లా అడిగావు?
పరంజ్యోతి

*

నంద్యాల,
18-10-1976

జ్యోతీ,

కార్డు అందింది. పోస్టుమేను నా మొహం చూడకుండా గుమ్మంలో పెట్టి పోయాడు, అంటే చదివాడన్నమాట.

నమ్ముతున్నాను అని రాద్దామని కూర్చున్నాను. నువ్వు అబద్ధం చెప్పవని తెలుసు. ఆపరేషను అయినాక కడుపు రాదనీ తెలుసు. ఈ రెండూ ఒకచోట ఎట్లా పెట్టాలో తెలియడం లేదు. నీకు జరిగింది నీకే తెలియకుండా జరిగి ఉంటుందేమో అని కూడా ఆలోచించాను. ఇట్లాంటి ఆలోచనలు వస్తున్నాయని రాస్తే నీకు ఇంకా కోపం వస్తుంది. రాయకపోతే దాచినదాన్ని అవుతాను.

ఒకసారి రా. కూర్చుని మాట్లాడుకుందాం. ఉత్తరాల్లో నీ మొహం కనిపించడం లేదు.

అక్క

*

ఆళ్లగడ్డ,
22-10-1976

అక్కా,

నేను మొన్న నంద్యాల వచ్చాను. నీ ఇంటికి రాలేదు. మీ వీధి మలుపు దగ్గర నిలబడితే అరుగు మీద నువ్వు బియ్యం చెరుగుతూ కనిపించావు. అడుగు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగి ఆసుపత్రికి పోయాను.

నాకు పన్ను నొప్పి అని అత్తకు చెప్పాను. సుంకమ్మ తోడు వచ్చింది. లోపలికి పోయి ప్రమీలమ్మగారి ముందు కూర్చున్నాక కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉన్నాను. సుంకమ్మ మోచేత్తో పొడిచింది. అప్పుడు మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన ఏమన్నాడో, అత్త ఏమంటుందో, నువ్వు ఏం రాశావో, బావ జైలు అన్నదీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"మీ ఆయనకు ఆపరేషను ఎప్పుడైంది?"

జులైలో అని చెప్పాను.

"అయినాక ఎన్నాళ్లకు కలిసినారు?"

నేను నేల చూశాను. సుంకమ్మే చెప్పింది. "కుట్లు మానినాక ఇంగేముంది డాక్టరమ్మా, ఆపరేషను అయిపాయె గదా అని ధైర్యం!"

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "క్యాంపులో చిన్న ప్యాకెట్లు ఇయ్యలేదా? మూడు నెలలు అవి వాడమని చెప్పలేదా?"

ఇచ్చారక్కా. ఆయన ఇంటికి తెచ్చి నవ్వాడు. "కోసినాక ఇవెందుకమ్మే, వీళ్లకు లెక్క తెలీదు" అని గూట్లో పడేశాడు. ఎస్తేరు వాటిని ఊది బుడగలు చేసింది. మా అత్త ఒకటి తీసుకుని చిన్నోడి ఉయ్యాలకు కట్టింది. అదేమిటో ఆమెకూ తెలియదు, అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. ఇది చెబితే సుంకమ్మ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ కూడా ఆపుకోలేకపోయింది. నేను ఏడ్చాను.

"ఏడవొద్దు. ఆపరేషను అయినా కొన్నాళ్లు ఒంట్లో మిగిలింది ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా కడుపు రావొచ్చు. నీ మొగుని బిడ్డే ఇది. కావాలంటే ఆయన్నే నా దగ్గరికి రమ్మను, నేను చెబుతా" అంది.

అక్కా, ఆ మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది. నా లోపల ఏదో మాయ జరిగిందనీ, నా ఒళ్లు నాకు తెలియకుండా ఏదో చేసిందనీ నేనే భయపడుతూ ఉన్నాను. నీకొచ్చిన ఆలోచన నాకూ వచ్చింది. అందుకే నీ మీద అంత కోపం వచ్చిందేమో.

తర్వాత చట్టం సంగతి అడిగాను.

"జైలని ఎవరు చెప్పినారు?"

"మా బావ. బడి అయివారు."

"అది పాత మాట. చట్టం మారి నాలుగేండ్లయింది. హైదరాబాదులో ఏ చట్టమో నంద్యాలలో అదే చట్టం. ఎవరు బడితే వాళ్లు, యాడ బడితే ఆడ చేస్తే తప్పు. డాక్టరు, ఆసుపత్రిలో, చట్టం చెప్పిన కారణానికి చేస్తే తప్పు లేదు. పిల్లలు వద్దని చేసుకున్న ఏర్పాటు తప్పిపోయి కడుపొస్తే, అది గూడా ఒక కారణమని అందులోనే రాసి ఉంది."

"ఆయన సంతకం?"

"నీకెన్నేండ్లు?"

"ఇరవై మూడు."

"పద్దెనిమిది దాటినావు. మతి సరిగ్గానే ఉంది. నీ సంతకం చాలు."

"మా అయివారు మొగుని సంతకం కావాలన్నాడే."

"అయితే కడుపు ఆయనకొచ్చినప్పుడు మీ అక్క సంతకం తెమ్మను" అంది. బావకు చెప్పకు.

మూడో నెల దాటకముందయితే తనొక్కతే చేయవచ్చునంట, దాటితే ఇద్దరు డాక్టర్లు కలిసి ఒప్పుకోవాలంట, కష్టం కూడా ఎక్కువంట. పది రోజుల్లో ఏదో ఒకటి అనుకుని రమ్మంది. లేచి వస్తుంటే, "ఇంటిల్లిపాదీ ఏమంటాండారో చెప్పినావు గాని, నువ్వేమంటావో చెప్పకుండానే పోతాండావు" అంది. 

ఇంటికి రాగానే తూము దగ్గరికి పోయి ఆయనకు అంతా చెప్పాను. మొదట నమ్మలేదు. తెల్లారి సైకిలు బస్సు మీద వేసుకుని నంద్యాల పోయాడు. సాయంత్రం వచ్చేటప్పుడు మైసూరుపాకు తెచ్చాడు. దుప్పటి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. "మనది మనదే గదమ్మే" అని చిన్నోణ్ణి ఎత్తి ఎగరేశాడు. మగపిల్లోడైతే వాళ్ల నాయన పేరు పెడదాం అంటున్నాడు. నన్ను అన్న మాట గురించి ఒక్క మాట అనలేదు. ఇరవై రోజులు గుడిసెలో ఎందుకు పడుకున్నాడో ఆయన మరిచిపోయాడు. కాలవలో గండి పూడ్చినట్టు పూడ్చేశాడు.

అందరికీ ఊరట అయింది. నాకు తప్ప. నిన్న సాయంత్రం నుంచి ఇంట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి గట్టు మీదికి తిరుగుతూనే ఉన్నాను.

పరంజ్యోతి

*

నంద్యాల,
25-10-1976

నా బంగారు చెల్లీ,

నేను పాపిష్టిదాన్ని. నీ ఉత్తరం చదివి మోకాళ్ల మీద పడి ఏడ్చాను. మలుపు దాకా వచ్చి తిరిగిపోయావా? నేను తల ఎత్తి ఉంటే కనిపించేదానివి. ఇంక నా జన్మలో నీ మాట మీద సందేహపడను.

ఇప్పుడు నిందా లేదు, భయమూ లేదు. మొగుడు సంతోషంగా ఉన్నాడు, అత్త సంతోషంగా ఉంది. ఇంక తీయించుకోవడం అనే మాట ఎందుకు? అది నింద ఉన్నప్పటి మాట. ఆ పది రోజులు అయిపోనివ్వు.

నీకు మూడో బిడ్డ బరువనిపిస్తే నేనున్నాను. ముందు అడిగినప్పుడు దాచిపెట్టడానికి అడిగాను. ఇప్పుడు వెలుతురులో అడుగుతున్నాను. కని నాకివ్వు. శాంతయ్యను బావ ఒప్పిస్తారు. నీకు పురుడు నేను పోస్తాను, కాలు కింద పెట్టనివ్వను. ఎర్ర అంచు మెత్తటి పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టడం మొదలుపెట్టాను. బావ కూడా ఎన్నడూ లేనిది నిన్న ఉయ్యాల తాడు బేరం చేసి వచ్చారు. మా ఇద్దరి మొహాలు చూస్తే నీకే నవ్వొస్తుంది.

ఒక్క మాట రాయి. సరే అని.

నీ అక్క,
హన్నమ్మ

*

ఆళ్లగడ్డ,
3-11-1976

అక్కా,

నువ్వు అడిగిన మాట రాయలేను. పోయిన శుక్రవారం తీయించుకున్నాను. మళ్లీ పన్ను నొప్పి అని చెప్పి, పిల్లల్ని అత్తకు అప్పజెప్పి పోయాను. సుంకమ్మ తోడు ఉంది. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఇప్పుడు బాగున్నాను. నడుము పీకుతోంది, అంతే.

నీ ఉత్తరం అంతకు ముందురోజే అందింది. చదివే పోయాను. అది అందక పోయానని రాస్తే నీకు సులువుగా ఉండేది.

ఎందుకు అంటే ఒక కారణం చెప్పలేను. చిన్నోడి కాన్పులో చూసిన చావు ఒకటి. చంక దిగని పిల్లవాడు ఒకటి. తన బిడ్డే అని తెలిశాక మైసూరుపాకు తెచ్చిన మనిషి ఒకటి. విడివిడిగా చెబితే ఒక్కోటి చిన్నదిగానే ఉంటుంది. అన్నీ ఒకేసారి మోయాల్సింది నేను. నీ కోసం అయినా మోయగలనా అని ఆ రాత్రంతా అడుక్కున్నాను. మోయగలను అని ఒక్కసారి అనిపించినా ఆగేదాన్ని. అనిపించలేదు.

ఇంటికి వచ్చాక ఆయన అడిగాడు.

"యాడికి పోయింటివి?"

"ఆసుపత్రికి. తీయించుకున్నా."

ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవురు పెట్టినారు సంతకం?"

"నేనే."

"నీదొక్కటేనా?"

"చాలంట."

కోడు వదలకుండానే, "నన్నడిగింటే నేను పెట్టకపోదునా?" అన్నాడు.

"పెడుదువో లేదో నాకు తెలీదు. నువ్వు కొడుక్కు పేరు వెతుకుతాంటివి. నేనెట్లా అడిగేది?" అన్నాను. ఇంత పెద్ద మాట ఆయనతో నేను ఎప్పుడూ అనలేదు.  "ఎవునిది అని అడిగినావు నన్ను. అది గూడా నువ్వే మరిచిపోతివి, నేను మరవలేదు" అని అది కూడా అనేశాను.

ఆయన లేచి తూము దగ్గరికి పోయాడు. మళ్లీ దుప్పటి తీసుకుపోతాడని చూశాను. తీసుకుపోలేదు.

అత్తకు తెలిసింది. దాచగలిగే సంగతి కాదు. వాకిట్లో కూలబడి రొమ్ము కొట్టుకుంది. "నా మనవన్ని కాలవలో కలిపినావు గదే! ఏం తక్కువ చేసినానే నీకు? సున్నుండలు తిన్న నోటితో ఎట్లా ఒప్పుకుంటివే?" అంది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయన పరుగున వచ్చాడు.

"మా, ఊరుకో. ఆ పిల్లనేమీ అనాకు. నేను కోయించుకున్యా."

"ఏం కోయించుకున్యావు?"

"పిల్లలు పుట్టకుండా. క్యాంపులో."

మా అత్త ఏడుపు ఆపి నోరు తెరిచింది. "నిన్నెవురు కోసినార్రా నాయనా? కన్నతల్లికి ఒక్క మాట చెప్పకుండా కోయించుకుంటావా? ఆ ఆఫీసరు నోట్లో మన్నుబడ!"

"ఆఫీసరు చెప్పినాడు గాని, పోయింది నేనే. చిన్నోనప్పుడు ఇది పడిన అగసాట్లు నువ్వు సూళ్లేదా? ఆ రకతం మీద బూడిద పోసి గంపల్లో ఎత్తింది నువ్వే గదా."

ఆమె లేచి లోపలికి పోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. నాకు చెప్పాల్సినవి ఎస్తేరుతో గట్టిగా చెబుతుంది. "మీ అమ్మను చన్నీళ్లు ముట్టుకోవద్దను" అంటుంది.

ఆయన మాట్లాడుతున్నాడు. తక్కువే. నిన్న నా పక్కన కూర్చుని, "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఏ మాట అని నేను అడగలేదు.

అక్కా, నువ్వు కుట్టిన పొత్తిగుడ్డలు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. క్షమించు అని రాస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు అవుతుంది. తప్పు చేశానని నాకు అనిపించడం లేదు. కాని నీకు ఈ దుఃఖం పెట్టింది నేనే, అది కాదనను. నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు అని రాసి కొట్టేశాను. ఫరవా ఉంది. పోస్టుమేను సైకిలు గంట వినిపిస్తే చాలు, లేచి వాకిట్లోకి పోతున్నాను.

పరంజ్యోతి

*

నంద్యాల,
8-11-1976

పరంజ్యోతికి,

నీ ఉత్తరం నాలుగు రోజులుగా నా దగ్గరే ఉంది. బావ చూపించమంటే ఇవ్వలేదు. ఆయన అడిగింది ఇవ్వకపోవడం ఇదే మొదటిసారి.

నాకు కోపంగా ఉంది. నీ మీదే. ఇంకెవరి మీదా పెట్టుకోవడానికి కుదరలేదు, ప్రయత్నించాను. పుట్టకముందే ఆ బిడ్డకు నేను మనసులో ఒక పేరు పెట్టుకున్నాను. అదేమిటో నీకు చెప్పను.

నీది నువ్వు చేసుకోవడానికి నా ఒప్పుదల అక్కర్లేదని బావ కూడా అంటున్నారు. ఆయనకు చట్టం అర్థం కావడానికి ఇన్నాళ్లు పట్టింది. నాకు అది తెలిసినా గుండె మండడం ఆగలేదు.

శుక్రవారం మొదటి బస్సుకు వస్తున్నాను. వెల్లుల్లి కారం దంచి తెస్తాను, పాత బియ్యం కూడా. మీ అత్తతో నేను మాట్లాడతాను. నీతో మాట్లాడతానో లేదో అక్కడికి వచ్చాక చూస్తాను. మాట్లాడకపోయినా పది రోజులు ఉంటాను, పొయ్యి దగ్గరికి నువ్వు రాకూడదు.

బస్సు దిగేసరికి గట్టు మీద బిందెతో కనిపించావంటే చంపేస్తాను. పడుకుని ఉండు.

హన్నమ్మ